ఐదుగురం, ఐదు ఊళ్ళు, ఆరు యాప్‌లు. 600 శుభలేఖలు తప్పుగా అచ్చయ్యాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

రాజమండ్రి_ప్రూఫులు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ కడుపు మండి రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమీ అనుకోవద్దు.

మాది చిన్న డిజైన్ పని. శుభలేఖలు, వీడియో ఇన్విటేషన్లు, పెళ్ళి ఆల్బమ్‌లు, మధ్యమధ్యలో యూట్యూబ్ వాళ్ళకి థంబ్‌నెయిల్స్. 2020 దాకా రాజమండ్రిలో డీటీపీ షాపు ఉండేది, లాక్‌డౌన్‌లో అద్దె కట్టలేక షట్టర్ దించేశాం. అప్పట్నుంచి ఎవరింట్లో వాళ్ళం. నేను ఇక్కడ, కార్డులు డిజైన్ చేసే అమ్మాయి నూజివీడులో, బొమ్మలు వేసే అబ్బాయి వరంగల్‌లో, వీడియో ఎడిటర్ వైజాగ్‌లో, ఆల్బమ్ లేఅవుట్లు చూసే ఆవిడ గుంటూరులో. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, బాగానే ఉంది అనుకునేదాన్ని.

ఇప్పుడు మా దగ్గరున్నవి: వాట్సాప్ (క్లయింటుకో గ్రూపు, నిన్న లెక్కపెడితే 43), ట్రెల్లో (పనుల బోర్డు), స్లాక్ (ఆఫీసు చాట్), నోషన్ (నోట్సు రాసుకునేది), గూగుల్ డ్రైవ్, గూగుల్ షీట్స్. ట్రెల్లో నేను పెట్టింది. స్లాక్ వైజాగ్ అబ్బాయి పెట్టించాడు, పాత కంపెనీలో అలవాటట. నోషన్ ఎవరో వీడియోలో చూపిస్తే ముచ్చటపడి నేనే రెండు ఆదివారాలు కూర్చుని కట్టా, బోర్డులు, రంగులు, ఎమోజీలు, అన్నీ. దాన్ని నేను తప్ప ఎవరూ తెరవరు. నిజం చెప్పాలంటే నేనూ తెరవను.

అసలు సంగతి. పోయిన నెల ఒక పెళ్ళి కార్డు. ముహూర్తం రాత్రి 2:47కి. మొదట వాళ్ళు రాసిచ్చింది "ఆదివారం తెల్లవారుజామున గం. 2:47 ని.లకు" అని. మేం అలాగే పెట్టాం, చూసి బాగుందన్నారు. రెండ్రోజులకి పెళ్ళికూతురి మేనమామ గారికి అనుమానం వచ్చింది, ఇలా వేస్తే సగంమంది ఆదివారం రాత్రికి దిగుతారు, అప్పటికి పందిరి కూడా విప్పేసి ఉంటారు అని. నిజమే కదా. "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని మార్చమన్నారు. ఆ మాట నాకు చెప్పలేదు, గ్రూపులోనూ పెట్టలేదు. నూజివీడు అమ్మాయి సొంత నంబర్‌కి వాయిస్ మెసేజ్. నిమిషం యాభై సెకన్లు, అందులో మొదటి నిమిషం మామిడికాయల ధర గురించి. ఆ అమ్మాయి పాపం వెంటనే మార్చింది, మార్చి తన లాప్‌టాప్‌లో ఉన్న కాపీలో సేవ్ చేసుకుంది, స్లాక్‌లో "డన్ అక్కా" అని పెట్టింది. ఆ డన్ వేరే కార్డు గురించి అనుకున్నా నేను. డ్రైవ్‌లో "ఫైనల్_2_కొత్తది" అని ఉన్న ఫైలు తీసి ప్రెస్‌కి పంపేశా.

600 కార్డులు, కార్డుకి 28 రూపాయలు. 16,800 నా చేతి చమురు. రాత్రికి రాత్రి మళ్ళీ వేయించి ఇచ్చాం. పెళ్ళివాళ్ళు పర్లేదమ్మా అన్నారు గానీ మేనమామ గారు మాత్రం ఇప్పటికీ నా ఫోన్ ఎత్తట్లేదు.

అడిగేదేంటంటే, ఈ ఆరింటి బదులు అన్నీ ఒకచోట ఉండే యాప్ ఏదైనా ఉందా? నెలకి ఐదొందలో వెయ్యో అయినా పర్లేదు. క్లయింట్లని వాట్సాప్‌లోంచి బయటికి లాగడం ఎవరికైనా సాధ్యమైందా? ఇంకోటి, అను ఫాంట్లు (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు) వదిలి యూనికోడ్‌కి (ఏ ఫోన్లోనైనా చదవగలిగే తెలుగుకి) పూర్తిగా వచ్చేసిన వాళ్ళు ఉంటే చెప్పండి, ఫోన్లో ప్రూఫులు (అచ్చుకి ముందు సరిచూసే నమూనాలు) చదవడం మాకు అక్కడే ఆగిపోతోంది.

—

టైమ్‌లైన్_తమ్ముడు

అక్కా, ఆరూ పీకేసి క్లిక్‌అప్ పెట్టండి. చాట్, టాస్కులు, డాక్యుమెంట్లు అన్నీ అందులోనే ఉంటాయి. దాంతోపాటు టైమ్ ట్రాకర్ ఒకటి పెట్టండి, పది నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ తీసేది. ఎవరు ఏ ఫైలు మీద ఉన్నారో మీకు తెలుస్తుంది, ఇలాంటివి జరగవు.

—

డీటీపీ_పాతకాపు

తమ్ముడూ, స్క్రీన్‌షాట్లు తీస్తే ఆ ముహూర్తం సరిపోయేదా? ఆ అమ్మాయి పని చేసింది. చేసినట్టు చెప్పింది కూడా. ఐదుగురున్న చోట నిఘా పెడితే పని చేసేవాళ్ళు ముందు మానేస్తారు.

మేడమ్, నేను 1996 నుంచి విజయవాడలో ఇదే పనిలో ఉన్నా. పేజ్‌మేకర్, అను, లేజర్ ప్రింట్ తీసి ప్రెస్‌కి పంపే రోజుల నుంచి. అప్పుడు మాకు ఏ యాప్ లేదు, సైకిల్ మీద ప్రూఫ్ పట్టుకెళ్ళే కుర్రాడు ఉండేవాడు. పార్టీ ఎర్ర పెన్నుతో దిద్దేవాడు, కింద సంతకం పెట్టేవాడు. సంతకం ఉన్న కాగితం ఫైల్లో ఉంటేనే ప్రెస్‌కి వెళ్ళేది, లేకపోతే మా ఓనరు అడిగినా వెళ్ళేది కాదు. రోడ్డు మీద కనబడి "ఆ తేదీ మార్చమన్నాగా" అంటే "కాగితం మీద రాయండి సార్" అనేవాళ్ళం. కోపాలొచ్చేవి, అయినా రాసేవాళ్ళు.

మీకు పోయింది ఆ కాగితం. ఆరు యాప్‌లున్నా మార్పు చెల్లే చోటు ఏదో ఎవరికీ తెలియదు. వాయిస్ మెసేజ్‌లో చెబితే మారినట్టా, స్లాక్‌లో డన్ అంటే అయినట్టా, డ్రైవ్‌లో ఉన్నదే ఫైనలా? ఇది తేల్చకుండా ఏడో యాప్ కొన్నా ఏడో చోట కూడా తప్పు ఉంటుంది, అంతే.

మేం ఇప్పుడు చేసేది చెబుతా, నచ్చితే తీసుకోండి. మేం నలుగురం, రెండు ఊళ్ళు.

క్లయింట్లని వాట్సాప్‌లోంచి లాగే ప్రయత్నం చేయకండి. పెళ్ళికూతురి నాన్నగారికి ట్రెల్లో లాగిన్ ఇవ్వలేం. కానీ వాళ్ళు మాట్లాడే నంబర్ ఒక్కటే ఉండాలి, వాట్సాప్ బిజినెస్‌లో. డిజైనర్ల సొంత నంబర్లు క్లయింటుకి ఇవ్వకూడదు, ఇచ్చేసి ఉంటే "ఆఫీసు నంబర్‌కి పెట్టండి అంకుల్, నా దగ్గర ఉంటే మర్చిపోతా" అనమనండి. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్ళు ఉంటాయి, "ప్రూఫ్ వెళ్ళింది", "మార్పు వచ్చింది", "ఓకే అన్నారు". మాకు ఈ మూడే. ఆ 43 గ్రూపుల్లో సగం ఈ దెబ్బకి పోతాయి.

వాట్సాప్‌లోంచి ట్రెల్లో కార్డులోకి మార్పుని ఎక్కించేది ఒక్క మనిషే. ఎక్కిస్తేనే అది మార్పు, లేకపోతే కబురు. వాయిస్ మెసేజ్ వస్తే విని, మన మాటల్లో టైపు చేసి, "ఇదేనా అండి?" అని వాళ్ళకే తిరిగి పంపాలి. ఇది విసుగు పని, ఒప్పుకుంటా. రోజుకి నలభై నిమిషాలు పోతుంది. కానీ మాకు తప్పులు దొరికేది ఇక్కడే. వాయిస్‌లో "పందొమ్మిది" అన్నారో "పందొమ్మిది అనుకున్నాం గానీ ఇరవై" అన్నారో టైపు చేస్తేనే తెలుస్తుంది.

ఫైలు పేర్లలో ఫైనల్ అనే మాట నిషేధం. ప్రూఫ్01, ప్రూఫ్02, ప్రూఫ్03, అంతే. ఆ నంబర్ పీడీఎఫ్ మూలన చిన్న అక్షరాల్లో అచ్చయి కూడా ఉంటుంది, కాబట్టి క్లయింటు "ఓకే" అంటే దేనికి ఓకే అన్నట్టో గొడవ ఉండదు. "ప్రూఫ్04 ఓకే, ప్రింట్ చేయండి" అని టైపు చేసి పెట్టాలి. బొటనవేలు ఎమోజీ చెల్లదు. ఒకసారి ఒకాయన బొటనవేలు పెట్టింది మా గుడ్ మార్నింగ్ మెసేజ్‌కి.

డ్రైవ్‌లో "ప్రెస్‌కి" అని ఒక ఫోల్డర్. అందులో ఫైలు పెట్టే హక్కు ఒక్కరికే, మిగతావాళ్ళు చూడగలరు, అంతే. ప్రెస్ వాళ్ళకీ ఆ లింకే. ఆ ఒక్కరు పెట్టేముందు కార్డు డిజైన్ చేయని మనిషి చేత గట్టిగా చదివించాలి, ఫోన్లో అయినా సరే. వారం, తేదీ, ముహూర్తం, లగ్నం, వేదిక, పేర్లు. కళ్ళతో చూస్తే తప్పు దొరకదు, నోటితో చదివితే నాలుకకి తగులుతుంది.

నోషన్ తీసేయండి. స్లాక్ ఫ్రీలో 90 రోజుల కంటే పాత మెసేజ్‌లు కనబడవు, పెళ్ళి పని అంతకంటే ఎక్కువ కాలం నడుస్తుంది కదా, అదీ తీసేయండి. ట్రెల్లో, డ్రైవ్, ఒక షీటు, ఒక వాట్సాప్ నంబర్. చాలు.

—

రాజమండ్రి_ప్రూఫులు

అన్నా, "మార్పు కాదు, కబురు" అన్న మాట ఇవాళే మా వాళ్ళకి చదివి వినిపించా. నూజివీడు అమ్మాయి ఏడ్చేసింది, తన తప్పేనని నెలరోజుల్నుంచి కుమిలిపోతోందట, నాకు చెప్పలేదు. నాకూ బుద్ధి లేదు, ఆ రోజు గ్రూపులో అందరి ముందూ అరిచా.

మరి ఆ ఒక్క మనిషి జ్వరమొచ్చి పడుకుంటే?

—

డీటీపీ_పాతకాపు

మారుమనిషి ఉండాలి. కానీ ఒకే రోజు ఇద్దరూ ఎక్కించకూడదు. ట్రెల్లో బోర్డు పైన ఒక కార్డు పెట్టి "ఇవాళ గేటు: ఫలానా" అని రాసుకుంటాం. ఆఫీసు ఫోన్ నా దగ్గర ఉంటుంది, కంప్యూటర్లో లింక్ చేసిన వాట్సాప్ మా మరదలి దగ్గర. నేను పండక్కి వెళ్తే ఆ కార్డు మీద పేరు మారుతుంది, అంతే.

—

ఒత్తులు_దీర్ఘాలు

ఫాంట్ల సంగతి నేను చెబుతా, ఎందుకంటే ఇందులో నేను రెండేళ్ళు తల బాదుకున్నా.

అను లాంటి పాత ఫాంట్లలో అక్షరాలు నిజానికి ఇంగ్లిష్ గుర్తుల చోట కూర్చుంటాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనబడుతుంది, అదే వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లోనో ట్రెల్లోలోనో అతికిస్తే పిచ్చి గుర్తులు. అందుకే మీ వాళ్ళు ప్రతి ప్రూఫూ బొమ్మగా మార్చి పంపుతున్నారు, అందుకే ఎవరూ ఫోన్లో వెతకలేరు, సరిచూడలేరు. ఐదు ఊళ్ళలో ఉండి పనిచేసేవాళ్ళకి ఇది షాపులో ఉన్నప్పటికంటే పది రెట్లు ఇబ్బంది. షాపులో అయితే పక్క కుర్చీలోంచి తొంగి చూసేవాళ్ళు.

నేను ఏం చేశానంటే, మ్యాటర్ ఎప్పుడూ యూనికోడ్‌లోనే. క్లయింటు వాట్సాప్‌లో తెలుగులో టైపు చేస్తే అది యూనికోడే కాబట్టి నేరుగా గూగుల్ డాక్‌లోకి, అక్కడే సరిచూడటం, అక్కడ ఓకే అయ్యాకే డిజైన్‌లోకి. తిరిగి టైపు చేసే పని లేదు, టైపు చేయకపోతే టైపు తప్పు కూడా లేదు. ఒక్క ముహూర్తం అంకెలు మాత్రం నేను పంచాంగం ఫోటో అడిగి మరీ చూసుకుంటా.

ఫాంట్లు ఏమున్నాయి అంటారా, సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన వాటిలో చాలా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, ఎన్టీఆర్ వగైరా. కార్డు శీర్షికకి రామభద్ర లావుగా నిండుగా ఉంటుంది, లోపలి మ్యాటర్‌కి మండలి కళ్ళకి హాయి. అను వాళ్ళ దగ్గరున్నన్ని వయ్యారాల అక్షరాలు మాత్రం లేవు, అది నిజం, అబద్ధం చెప్పను. "శ్రీరస్తు శుభమస్తు" లాంటి నాలుగు మాటలకి నేను ఇప్పటికీ అనులో చేసి, ఔట్‌లైన్స్ చేసి (అక్షరాల్ని గీతలుగా మార్చి), బొమ్మలా పెట్టుకుంటా. మారే అవకాశమున్న ఏ మాటా, అంటే పేరు, తేదీ, చోటు, అలా పెట్టను.

పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు పక్కకి ఊడి పడుతున్నాయంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి, ఇంకా పాతవాటిలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్. ఇది తెలియక "తెలుగు యూనికోడ్ పనికిరాదు" అని తేల్చేసినవాళ్ళు కనీసం డజను మంది నాకు తెలుసు, అందులో మొదటివాణ్ణి నేనే.

పాత అను ఫైళ్ళని కన్వర్టర్‌లో వేసి మార్చొచ్చు గానీ మార్చాక అక్షరం అక్షరం చదవాలి. పేర్ల దగ్గర మరీనా. ప్రెస్‌కి పంపే పీడీఎఫ్‌లో మాత్రం ఫాంట్లన్నీ ఔట్‌లైన్స్ చేసేయండి, అవతలి కంప్యూటర్లో ఏ ఫాంట్ ఉందో మనకి తెలియదు.

—

టైమ్‌లైన్_తమ్ముడు

సరే స్క్రీన్‌షాట్ల మాట వెనక్కి తీసుకుంటున్నా, మా కంపెనీలో పెట్టారు కాబట్టి అలవాటుగా అనేశా, నాకే అది నచ్చదు.

వీడియో గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా వంతు. అక్కా, పెళ్ళి ఫుటేజ్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నారా? 500 జీబీ అనుకోండి, ఇంట్లో అప్‌లోడ్ స్పీడు 40 ఎంబీపీఎస్ అనుకోండి, ఒక్క క్షణం ఆగకుండా వెళ్ళినా దాదాపు 28 గంటలు. మధ్యలో కరెంటు పోతే ఇంకా ఆలస్యం. అదే హార్డ్ డిస్క్‌ని బుడగల కవర్లో చుట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తే రాజమండ్రి నుంచి వైజాగ్‌కి ఒక్కరోజులో చేరుతుంది. నవ్వకండి, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద పోస్ట్ ప్రొడక్షన్ వాళ్ళు కూడా డిస్కులే మోస్తారు. అయితే పంపేముందు ఇంకో డిస్కులో కాపీ ఉండాలి, కెమెరా మెమరీ కార్డులు ఫార్మాట్ చేయకూడదు. డిస్క్ పోతే పెళ్ళి మళ్ళీ చేయలేం.

ఎడిటర్‌కి ఫుటేజ్ వెళ్ళాక మీరు చూడాల్సింది చిన్న ఫైలే కాబట్టి, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా) పెట్టి లింకు పంపమనండి. క్లయింటుకి కూడా అదే. "1:42 దగ్గర మా పెద్దమ్మ కళ్ళు మూసుకుంది" అని టైమ్ చెప్పడం అందరికీ వచ్చు, దానికి కొత్త యాప్ నేర్పక్కర్లేదు. మా దగ్గర ఫ్రేమ్.ఐఓ అనే వీడియో రివ్యూ సైటు ఉంది, ఫ్రేమ్ మీదే గీసి చెప్పొచ్చు, బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అది యాడ్ ఏజెన్సీల వాళ్ళతో పనిచేసేటప్పుడు. పెద్దమ్మల సంగతికి యూట్యూబ్ చాలు.

—

డల్లాస్_నుంచి

నేను మీ అవతలి వైపు మనిషిని. అంటే క్లయింటుని. ఇక్కడ మా తెలుగు అసోసియేషన్‌కి బతుకమ్మ, ఉగాది ఫ్లయర్లు ఇండియాలో చేయిస్తాం, మా అమ్మాయి హాఫ్ శారీ ఫంక్షన్ వీడియో ఇన్విటేషన్ కూడా కాకినాడలో చేయించాం. క్లయింటుగా నాలుగు మాటలు.

మీరు ట్రెల్లో లింకు పంపితే నేను తెరవను. నాకు ఆఫీసులో ఇప్పటికే అలాంటివి మూడు ఉన్నాయి, ఇంకోటి పెళ్ళి పనికి కూడానా? వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపండి, ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా. ఫోటోగా పంపితే వాట్సాప్ నొక్కేస్తుంది, అక్షరాలు మసకబారతాయి, మా నాన్నకి 'ప' ఏదో 'ష' ఏదో తెలియక అర్ధరాత్రి నాకు ఫోన్ చేస్తారు.

"రేపు పొద్దున్నకి పంపుతా" అనకండి. ఎవరి రేపు, ఎవరి పొద్దున్న? మీకు మాకు మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటల తేడా, మిగతా రోజుల్లో పదకొండున్నర. మీ గడియారం మారదు, మాది మారుతుంది. పోయిన నవంబర్లో మా డిజైనర్ సరిగ్గా చెప్పిన టైముకే కాల్ చేశాడు, ఇక్కడ ఆరున్నర బదులు ఐదున్నర, నేను ఇంకా ఆఫీసు మీటింగులో ఉన్నా. అతని తప్పు కాదు. ఇప్పుడు గూగుల్ క్యాలెండర్‌లో ఇన్వైట్ పంపుతాడు, అది రెండు వైపులా సరిగ్గా చూపిస్తుంది.

డబ్బుల విషయం. మావాళ్ళు చాలామంది "ఊళ్ళో మా బావమరిది ఫోన్‌పే చేస్తాడు" అంటారు. బావమరిదికి గుర్తు చేయడానికి నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వస్తుంది. ముందే అడ్వాన్సు అడగండి, మేం ఏమీ అనుకోం. అడగనివాళ్ళనే చివరికి మర్చిపోతాం, సిగ్గుగా ఉన్నా నిజం అదే.

—

లెక్కల_బాబాయ్

డబ్బుల మాట వచ్చింది కాబట్టి. అమ్మా, మీ తప్పు 16,800 అన్నారు, ఆ లెక్క ఎక్కడ రాశారు? కార్డు రేటులో తిరిగి అచ్చు ఖర్చు కొంత కలిపి ఉండాలి, లేదా "ప్రూఫ్ ఓకే అన్నాక వచ్చే తప్పు మాది కాదు" అని ముందే రాసి పంపి ఉండాలి. అయినా ఈ కేసులో మీదే తప్పు, కట్టడం న్యాయమే.

యాప్‌ల కంటే మీ వ్యాపారానికి అసలు క్యాలెండర్ పంచాంగం. మూఢం, ఆషాఢం, శూన్యమాసం వస్తే కార్డులు లేవు, ఆల్బమ్‌లు లేవు, ఐదుగురికి జీతాలు మాత్రం ఉన్నాయి. ఏడాది మొదట్లోనే మీ షీటులో ఆ నెలలకి ఎర్ర రంగు వేసి, ఆ నెలల కోసం థంబ్‌నెయిల్స్, షాపుల బ్రోచర్లు, స్కూళ్ళ యాన్యువల్ డే పనులు ఇప్పట్నుంచే పట్టుకోండి. సబ్‌స్క్రిప్షన్లు కూడా చూసుకోండి. నెలనెలా డబ్బు కోసుకునేవన్నీ ఒక షీటులో రాస్తే సగంమంది ఇళ్ళలో కనీసం ఒకటి వాడనిది బయటపడుతుంది, బ్యాంకు కార్డులోంచి మాత్రం డబ్బు పోతూనే ఉంటుంది.

షాపులు, కాలేజీలు, కంపెనీలకి పనిచేసేటప్పుడు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంచుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఆ సైటు మూసేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థకి రాతపూర్వకంగా గడువు ఒప్పుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఏమీ రాసుకోకపోతే 15 రోజుల్లో కొనుక్కున్నవాడు డబ్బు కట్టాలి. కట్టకపోతే ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చేయక్కర్లేదు కూడా, ఇన్వాయిస్ కింద ఉద్యమ్ నంబర్ ఒక లైను వేయండి, వాళ్ళ అకౌంటెంటు చూస్తాడు. జీఎస్టీ సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే తప్పనిసరి. ఐదుగురి జీతాలిస్తున్నారంటే మీరు ఆ గీత దగ్గర్లోనే ఉండి ఉంటారు, మీ ఆడిటర్‌ని ఈ నెలే కలవండి, మార్చి దాకా ఆగొద్దు. డల్లాస్ బావమరిది ఫోన్‌పేలు కూడా మీ ఆదాయమే, అవి లెక్కలో రాయాలి.

—

ఒత్తులు_దీర్ఘాలు

ఒకటి మర్చిపోయా. డ్రైవ్ ఎవరి అకౌంట్‌లో ఉంది? మా దగ్గర ఒకబ్బాయి తన సొంత జీమెయిల్‌లో ఫోల్డర్ తెరిచి మా అందరికీ షేర్ చేశాడు. ఉద్యోగం మారాడు, 15 జీబీ నిండిపోయిందని పాతవి డిలీట్ చేసుకున్నాడు, అతని దృష్టిలో అవి అతని ఫైళ్ళే. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి, మేం చూసుకునేసరికి 34 రోజులైంది. రెండు పెళ్ళిళ్ళ ఆల్బమ్ లేఅవుట్లు గోవిందా. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేని నష్టం. ఫైలు ఎవరు అప్‌లోడ్ చేస్తే వాళ్ళదే అవుతుంది, షేర్ చేసినంత మాత్రాన మనది కాదు. అందుకే షేర్డ్ డ్రైవ్ ఉండే గూగుల్ వర్క్‌స్పేస్ ప్లాన్‌కి (సంస్థలకి డబ్బు కట్టి వాడేది) మారాం, అందులో ఫైళ్ళు మనిషివి కావు, సంస్థవి. మీరు నెలకి వెయ్యి పెడతానన్నారు కదా, పెట్టాల్సింది ఇక్కడ.

—

రాజమండ్రి_ప్రూఫులు

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలిగా.

నోషన్ తీసేశా, రెండు ఆదివారాల కష్టం, ఒక్క క్లిక్కులో పోయింది, ఎవరూ అడగలేదు కూడా. స్లాక్ మూసేటప్పుడు వైజాగ్ అబ్బాయి రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు. వాట్సాప్ గ్రూపులు 43 నుంచి 11కి వచ్చాయి. డ్రైవ్ తెరిచి చూస్తే ఒత్తులు_దీర్ఘాలు గారు చెప్పినట్టే ఉంది, ఆల్బమ్‌ల ఫోల్డర్ మొత్తం గుంటూరు ఆవిడ వాళ్ళబ్బాయి జీమెయిల్‌లో. ఆ అబ్బాయికి పరీక్షలట, ఇంట్లో ఫోన్ లాక్కున్నారట, పాస్‌వర్డ్ వాడికే తెలుసు. ఆవిడే పక్కన కూర్చుని తీయించింది, శనివారం అంతా కొత్త డ్రైవ్‌లోకి మార్చుకున్నాం. ఆడిటర్ గారి దగ్గరికి వచ్చే బుధవారం వెళ్తున్నా.

గట్టిగా చదివే పని బొమ్మలు వేసే వరంగల్ అబ్బాయికి ఇచ్చా, వాడికి కార్డులతో సంబంధం లేదు కాబట్టి. మొదటి రోజే ఒకటి పట్టాడు. కార్డులో "గురువారం" అని ఉంది, తేదీ చూస్తే శుక్రవారం. క్లయింటు రాసిచ్చిందే తప్పు. ఫోన్ చేసి చెబితే "అయ్యో, మేం నలుగురం చూశాం కదమ్మా" అన్నారు.

నూజివీడు అమ్మాయి ఇప్పుడు "డన్ అక్కా" అనట్లేదు. "ప్రూఫ్05, కార్డులో ఎక్కించా, ముహూర్తం లైను మాత్రమే మారింది" అంటోంది. ఆ మేనమామ గారు కూడా మొన్న ఫోన్ ఎత్తారు. వాళ్ళ చిన్నమ్మాయికి సంబంధం కుదిరిందట, కార్డు మాకే ఇస్తారట, కానీ ఆఫీసు నంబర్‌కి పెట్టమంటే వినకుండా మళ్ళీ ఆ అమ్మాయి నంబర్‌కే వాయిస్ పెట్టారు. మూడు నిమిషాలు. ఈసారి మామిడికాయలు మొదట్లో లేవు, చివర్లో ఉన్నాయట.